డిశ్చార్జి తర్వాతి చరిత్ర



వ్యాసర్పాడి జీవా స్టేషన్‌లో అరక్కోణం వైపు రైలెక్కితే తర్వాతి స్టేషన్ పెరంబూరు. అక్కడికి దగ్గర్లో ఉన్న దక్షిణ రైల్వే ప్రధాన ఆస్పత్రి మన పెద్దవాళ్ల నోట ‘రైల్వే ఆస్పత్రి’, అంతే. లోకో వర్క్స్‌లో, క్యారేజి వర్క్స్‌లో, 1955లో మొదలైన ఐ.సి.ఎఫ్.లో ఉద్యోగం చేసిన మన తెలుగు కుటుంబాలకు జ్వరమొచ్చినా, కాన్పొచ్చినా తలుచుకునే చోటు అది. 1975లో ఆ ఆస్పత్రిలోనే డాక్టర్ కె.ఎం. చెరియన్ గారు మన దేశంలో మొదటి కరోనరీ బైపాస్ ఆపరేషన్ చేశారు. అప్పటికి ఆయనకు ముప్పై మూడేళ్లకు మించి లేవు. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో రెనే ఫవలోరో ఆ పద్ధతిని 1967లో మొదలుపెట్టి అప్పటికి ఎనిమిదేళ్లే. ఇంత పెద్ద పని మన పక్క స్టేషన్‌లో జరిగిందని చెప్పుకోవడం మనకు గర్వం. చెరియన్ గారు 2025 జనవరిలో కన్నుమూసినప్పుడు పత్రికలన్నీ ఈ మాటే రాశాయి.

ఆపరేషన్ తేదీలు చరిత్రకెక్కాయి. ఆపరేషన్ చేయించుకున్న మనిషి ఎన్నాళ్లకు తన చేత్తో తాను అన్నం కలుపుకున్నాడు, ఎన్నాళ్లకు మెట్లెక్కాడు, మళ్లీ పనిలోకి ఎప్పుడు వెళ్లాడు అన్నది మాత్రం ఎవరూ పెద్దగా రాయలేదు. నిజానికి కోలుకోవడానికీ ఒక చరిత్ర ఉంది, డెబ్బై ఏళ్లు దాటిన చరిత్ర. అది తెలియక మన ఇళ్లలో ఇవాళ్టికీ నష్టం జరుగుతోంది. ముఖ్యంగా ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజుల్లో వార్డుకు రావలసినవాళ్లు ఏదో ఇబ్బంది వచ్చి మూడు వారాలు, ఐదు వారాలు ఐ.సి.యు.లోనే ఉండిపోతే, వాళ్ల ఇళ్లలో. అందుకే ఈసారి పేట చరిత్ర పక్కనపెట్టి ఇది రాస్తున్నాను. చివర్లో సంఘానికి ఒక మనవి కూడా ఉంది, ఓపికగా చదవండి.

ముందు 1953 దగ్గరికి వెళ్దాం. ఆ ఏడాది మే 6న ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ అనే సర్జన్ పద్దెనిమిదేళ్ల అమ్మాయికి గుండె ఆపరేషన్ చేశారు. రక్తాన్ని బయటికి తీసి, ప్రాణవాయువు కలిపి, తిరిగి ఒంట్లోకి పంపే యంత్రం సాయంతో విజయవంతమైన మొదటి ఆపరేషన్ అది. అదే ఏడాది డిసెంబరులో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు ఒక ప్రత్యేక విభాగం తెరిచారు. దానికి ముందటేడు ఆ నగరంలో పోలియో విరుచుకుపడింది. ఊపిరి తీసే కండరాలు చచ్చుబడి జనం చనిపోతుంటే, గొంతులో గొట్టం పెట్టి చేత్తో సంచి నొక్కుతూ గాలి పంపించమని ఇబ్సెన్ చెప్పారు. వైద్య విద్యార్థులు వందల మంది వంతులవారీగా రాత్రింబవళ్లు మంచం పక్కన కూర్చుని సంచులు నొక్కారు. ఆ అనుభవంలోంచి వచ్చిందే ఇవాళ మనం ఐ.సి.యు. అంటున్న గది.

ఈ రెండూ ఒకదానికొకటి తోడయ్యాయి. ఐ.సి.యు. లేకపోతే పెద్ద గుండె ఆపరేషన్లు ఇంతమందికి జరిగేవి కావు. మనకు దగ్గరగా వెల్లూరు సి.ఎం.సి.లో 1962లో డాక్టర్ ఎన్. గోపీనాథ్ గారు ఓపెన్ హార్ట్ ఆపరేషన్ చేశారు. పెరంబూరులో బైపాస్ ఆపరేషన్ ఆ తర్వాత పదమూడేళ్లకు జరిగింది.

కోలుకోవడం సంగతి చూస్తే, 1950ల దాకా గుండె జబ్బుకు వైద్యమంటే పడక. గుండెపోటు వచ్చినవాళ్లను వారాల తరబడి వెల్లకిలా పడుకోబెట్టేవారు. తినిపించడం దగ్గర నుంచి అన్నీ మంచం మీదే. 1952లో బోస్టన్‌లో శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ అనే ఇద్దరు డాక్టర్లు రోగులను మంచం దించి కుర్చీలో కూర్చోబెట్టారు. మనిషిని చంపేస్తారా అని తోటి డాక్టర్లే అడ్డం తిరిగారు. కూర్చున్నవాళ్లకు చెడు జరగలేదు, పైగా ఉత్సాహంగా ఉన్నారు. పన్నెండేళ్ల తర్వాత, 1964లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం గుండె రోగుల పునరావాసం మీద నివేదిక ఇచ్చింది. నడక, వ్యాయామం, మనోధైర్యం, తిరిగి పనిలో చేరడం ఇవన్నీ వైద్యంలో భాగమే అన్న ఆలోచనకు అప్పుడు ఒక రూపం వచ్చింది.

మన ఇళ్లలో మాత్రం చాలామంది ఇంకా 1952కి అవతలే ఉన్నారు. “గుండె కోసారు, కదిలితే కుట్లు తెగుతాయి” అని మనిషిని మంచానికి కట్టేసినంత పని చేస్తాం. కదలకూడని చోటు ఒకటుంది, నిజమే. ఆపరేషన్ కోసం రొమ్ము మధ్య ఎముకను నిలువునా కోసి తీగలతో కడతారు. అది గట్టిగా అతుక్కోవడానికి సుమారు రెండు మూడు నెలలు పడుతుంది. అంతదాకా బరువులు ఎత్తకూడదు. మన పేటలో లారీ నీళ్ల బిందె నిండితే పదిహేను కిలోల దాకా తూగుతుంది. అది ముట్టుకోకూడదు. చేతులు ఊని ఒక్క ఊపున లేవకూడదు. కానీ కాళ్లు కదలాలి. బిందె వద్దు, నడక కావాలి. ఈ రెండూ కలిపేసి “ఏమీ చెయ్యకు” అనడంతోనే చిక్కు వస్తుంది.

తర్వాతి సంగతి మనసుది. గుండె ఆపరేషన్లు పెరిగేకొద్దీ డాక్టర్లకు ఒక వింత కనిపించింది. ఆపరేషన్ బాగానే అయింది, రక్తపోటు బాగుంది, మూడో రోజో నాలుగో రోజో రోగి ఉన్నట్టుండి మనుషుల్ని గుర్తుపట్టడు, గోడ మీద ఏవో పాకుతున్నాయంటాడు, నర్సు తనను చంపడానికి వచ్చిందని గొట్టాలు పీక్కుంటాడు. 1964లో దీని గురించి రాసినవాళ్లలో ఆల్బర్ట్ స్టార్ ఒకరు. కృత్రిమ గుండె కవాటం తయారుచేసిన సర్జనే ఆయన. మరుసటేడు న్యూయార్క్ డాక్టర్లు పరిశీలిస్తే, ఓపెన్ హార్ట్ ఆపరేషన్ చేయించుకున్న పెద్దవాళ్లలో మూడో వంతుకు మించి ఇలా అయ్యారు. రాత్రీ పగలూ ఒకే వెలుతురు, ఆగని యంత్రాల చప్పుడు, నిద్ర లేకపోవడం కూడా దీనికి కారణాలని వాళ్లు రాశారు. ఆ గది నుంచి బయటికి రాగానే చాలామంది తేరుకున్నారు.

దీన్నే ఇప్పుడు డెలీరియం అంటున్నారు. మనవాళ్లు ఏమంటారో మీకు తెలుసు. గాలి సోకిందంటారు, దిష్టి తగిలిందంటారు, లేదంటే మతి పోయిందని గుసగుసలాడతారు. ఇంటికొచ్చాక ఆ మనిషి తనకు కనిపించినవి చెప్పుకోవడానికి సిగ్గుపడి నోరు మూసుకుంటాడు. అరవై ఏళ్ల కిందటే డాక్టర్లు రాసిపెట్టిన విషయానికి ఇవాళ సిగ్గుపడవలసిన పని లేదు.

1984ని మన రెండు రాష్ట్రాలకూ ఆస్పత్రి సంవత్సరం అనవచ్చు. ఆ ఏడు ఎన్.టి. రామారావు గారు అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని ఆగస్టు 14న హైదరాబాదు వచ్చారు. 16న ఆయన ప్రభుత్వాన్ని గవర్నర్ రామ్‌లాల్ తొలగించారు. అరవై ఒక్కేళ్ల మనిషి, పచ్చి పుండు లాంటి రొమ్ముతో, చక్రాల కుర్చీలో ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి జైల్ సింగ్ ముందు తన ఎమ్మెల్యేలను నిలబెట్టారు. సెప్టెంబరు 16న మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ చక్రాల కుర్చీ ఫొటో మన పెద్దవాళ్ల మనసుల్లో ముద్ర పడిపోయింది. గుండె ఆపరేషన్ అయినా నెల తిరక్కుండా సింహంలా తిరగొచ్చన్నమాట.

అదే ఏడాది అక్టోబరు 5న ఎం.జి.ఆర్. గారిని మద్రాసు అపోలోలో చేర్చారు. చిత్తూరు జిల్లా అరగొండ నుంచి వచ్చిన డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి గారు ఆ ఆస్పత్రి పెట్టి అప్పటికి ఏడాది. ఎం.జి.ఆర్.ది గుండె ఆపరేషన్ కాదు, మూత్రపిండాల జబ్బు, దాని మీద పక్షవాతం. వారాల తరబడి తీవ్ర చికిత్స తర్వాత నవంబరులో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌కు తీసుకెళ్లారు, అక్కడ మూత్రపిండం మార్చారు. 1985 ఫిబ్రవరి 4న తిరిగొచ్చారు, 10న ప్రమాణం చేశారు. ఊరంతా పండగ చేసుకుంది. కానీ ఆయన మాట మునుపటిలా మళ్లీ రాలేదు. 1987 డిసెంబరు 24న కన్నుమూసేదాకా ఆయన పడిన కష్టం మన పేట జనానికి కళ్లారా తెలుసు.

ఇద్దరి జబ్బులూ వేరు, పోల్చి ఎవరు గొప్పని చెప్పడం నా ఉద్దేశం కాదు. నేను చెప్పేది, ఈ రెండు దృశ్యాల్లో మనం మొదటిదాన్నే కొలతబద్దగా పెట్టుకున్నాం. “ఎన్టీఆర్ నెలలో లేచాడు, మీ ఆయన ఆరు నెలలైనా సాగిలబడుతున్నాడేంటమ్మా?” అన్న ప్రశ్న అక్కడి నుంచే వస్తుంది. ఇబ్బంది లేకుండా అయిన ఆపరేషన్ ఒకటి, ఆపరేషన్‌తో పాటు నెల రోజుల ఐ.సి.యు. మరొకటి. రెండోదాని నుంచి లేవడం గుండె ఒక్కటీ బాగుపడితే అయ్యే పని కాదు.

ఎందుకు కాదో తెలియడానికి వైద్యులకే యాభై ఏళ్లు పట్టింది. అంతకాలం వాళ్ల లెక్క, ఐ.సి.యు. నుంచి ప్రాణంతో వచ్చారా లేదా అన్నదే. 2003లో కెనడాలోని టొరంటోలో మార్గరెట్ హెరిడ్జ్ బృందం ఆ తర్వాత ఏమైందని వెంట వెళ్లి చూసింది. వాళ్లు చూసినవి గుండె ఆపరేషన్లు కావు, ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని వెంటిలేటర్ మీద ఉండి బతికిన 109 మంది. ఎక్కువమంది నడివయసువాళ్లు. ఏడాది తర్వాత ఊపిరితిత్తులు దాదాపు మామూలుకు వచ్చాయి. అయినా ఆరు నిమిషాల్లో నడిచే దూరం ఆ వయసువాళ్లు నడవాల్సినదాంట్లో మూడింట రెండు వంతులే. పనిలోకి తిరిగి వెళ్లినవాళ్లు సగం మంది. ఐదేళ్లకు మళ్లీ చూసినా ఆ నడక పూర్తిగా సరికాలేదు. జబ్బు పోయింది, నీరసం మిగిలింది.

2013లో లండన్ పరిశోధకులు ఐ.సి.యు. రోగుల తొడ కండరాన్ని కొలిచారు. పది రోజుల్లో దాదాపు 18 శాతం తరిగిపోయింది. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు ఒళ్లు తన కండను తానే కరిగించుకుంటుంది. పైనుంచి కదలిక ఉండదు, మత్తుమందు ఉంటుంది. అందుకే ఇంటికొచ్చిన మనిషి మంచం మీంచి లేవడానికి ఇద్దరు కావాలి. అది బద్ధకం కాదు, వయసు మీద పడటమూ కాదు. అదే ఏడాది అమెరికాలో 821 మంది ఐ.సి.యు. రోగులను చూస్తే మూడు వంతుల మందికి డెలీరియం వచ్చింది. ఏడాది తర్వాత కూడా మూడో వంతు మందికి జ్ఞాపకం, ఆలోచన తలకు ఓ మోస్తరు గాయమైనవాళ్ల స్థాయిలోనే ఉన్నాయి. బ్యాంకు ఫారం నింపలేకపోవడం, పేర్లు మర్చిపోవడం, చిన్నదానికే కోపం, అర్ధరాత్రి ఉలిక్కిపడి లేవడం, ఇవన్నీ దీనిలోవే.

2012లో అమెరికా ఐ.సి.యు. వైద్యులు వీటన్నిటినీ ఒక్కచోట చేర్చి పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. ఒంట్లో నీరసం, తలలో మందకొడితనం, మనసులో భయం, ఈ మూడూ అందులో ఉన్నాయి. ఇంకో మంచి పని కూడా చేశారు. ఇంట్లోవాళ్లకు వచ్చే నిద్రలేమి, దిగులు, ఆందోళన కూడా ఇదే జబ్బులో భాగమని రాశారు. ఐ.సి.యు. బయట బెంచీ మీద నెల రోజులు కూర్చున్న ఇల్లాలు కూడా కోలుకోవలసిన మనిషే.

దీనికి ఏం చేయాలో కూడా తెలిసింది. 2009లో అమెరికాలో 104 మంది మీద జరిగిన పరిశీలనలో, వెంటిలేటర్ మీద ఉండగానే రోజూ కాసేపు మత్తు ఆపి, కాళ్లూ చేతులూ ఆడించి, కూర్చోబెట్టిన గుంపులో డిశ్చార్జి నాటికి 59 శాతం మంది తమ పనులు తాము చేసుకోగలిగారు. అంత తొందరగా మొదలుపెట్టని గుంపులో 35 శాతమే. 2010లో ఆరు యూరప్ దేశాల ఆస్పత్రుల్లో ఇంకో పని చేశారు. మంచం పక్కన ఒక నోటుపుస్తకం పెట్టి, రోజూ ఏం జరిగిందో నర్సులూ బంధువులూ నాలుగు ముక్కలు రాశారు. రోగి తేరుకున్నాక అది ఇచ్చారు. ఐ.సి.యు. తర్వాత వెంటాడే తీవ్రమైన భయం పుస్తకం లేనివాళ్లలో 13 శాతం మందికి వస్తే, ఉన్నవాళ్లలో 5 శాతానికే వచ్చింది. నలభై రూపాయల నోటుపుస్తకం చేసే పని ఇది.

కూర్చోవడం ఎంత పెద్ద విషయమో తెలుగువాళ్లందరికీ 2020లో తెలిసింది. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు మన చెన్నైలో ఎక్మో యంత్రం మీద ఉన్న రోజులవి. సెప్టెంబరు మధ్యలో వాళ్లబ్బాయి చరణ్ గారు చెప్పిన కబురు, నాన్నను రోజుకు పదిహేను ఇరవై నిమిషాలు కూర్చోబెడుతున్నారని, నోటితో కాస్త తింటున్నారని. అన్ని వేల పాటలు పాడిన మనిషి పావుగంట కూర్చున్నారంటే కోట్లమంది సంతోషించాం. ఆయన మనకు దక్కలేదు. కానీ అలాంటి స్థితి నుంచి బతికొచ్చే ప్రతి మనిషికీ ఆ పావుగంటే మొదటి మెట్టు.

ఇక డబ్బు చరిత్ర. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ, 2009లో ఇక్కడ కలైంజర్ బీమా పథకం వచ్చాక, కూలి చేసుకునే ఇంటికీ గుండె ఆపరేషన్ అందింది. అది చిన్న విషయం కాదు. అయితే ఆపరేషన్‌కు డబ్బు ఉంది, ఆ తర్వాత పని లేని నెలలకు ఎవరిస్తారు? ఈ ప్రశ్నకు 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోగ్య ఆసరా పేరుతో ఒక జవాబిచ్చింది. ఆపరేషన్ తర్వాత విశ్రాంతి తీసుకునే రోజులకు రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా. మొత్తం ఎంతన్నది పక్కనపెట్టండి, కోలుకోవడం కూడా ఖర్చేనని ఒప్పుకున్నారు, అది గమనించండి. తమిళనాడులో 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో మొదలైన ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకంలో ఇంటికే వచ్చి ఫిజియోథెరపీ చేసే ఏర్పాటు ఉంది. మన పేటలో మంచం దిగలేనివాళ్లు ఎవరైనా ఉంటే దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఆ పేరు చెప్పి అడగండి.

ఇప్పుడు నా మనవి. మన సంఘంలో ఎవరికైనా ఆపరేషన్ అంటే వసూలు చేసి ఇస్తాం. రక్తం ఇస్తాం. డిశ్చార్జి అయిన వారం యాపిల్ పండ్లు, హార్లిక్స్ సీసా పట్టుకుని వరస కట్టి వెళ్తాం. రెండో నెల నుంచి ఆ గడప తొక్కేవాళ్లు ఉండరు. అసలు అవసరం అప్పుడే మొదలవుతుంది. జీతం ఆగిపోతుంది, మందులు ఆగవు, హౌసింగ్ బోర్డు మూడో అంతస్తు నుంచి కిందికి దిగలేక మనిషి ఇంట్లోనే ఉండిపోతాడు.

కాబట్టి వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ నాలుగూ పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఒకటి, వైద్య సహాయ నిధిలో ఇచ్చే మొత్తాన్ని రెండుగా విడదీసి, సగం ఆపరేషన్‌కు, సగం ఆ తర్వాతి ఆరు నెలలకు నెలనెలా ఇవ్వాలి. రెండు, ఒక చక్రాల కుర్చీ, ఒక వాకర్, ఆనుకుని పడుకోవడానికి తల వైపు లేచే మంచం ఒకటి సంఘం తరఫున కొని, కావలసినవాళ్లకు అరువివ్వాలి. మూడు, వారానికి రెండు సాయంత్రాలు ఇద్దరు కుర్రాళ్లు వెళ్లి, డాక్టర్ చెప్పినంత మేరకు ఆ మనిషిని పట్టుకుని మెట్లు దించి వీధి చివరిదాకా నడిపించాలి. ఆ గంట ఇంటి ఇల్లాలికి సెలవు. నాలుగు, ఎవరైనా ఐ.సి.యు.లో చేరారని తెలిసిన రోజే వాళ్లింటికి ఒక నోటుపుస్తకం, పెన్ను పంపాలి.

పరామర్శకు వెళ్లేవాళ్లకు కూడా ఒక మాట. “ఇంకా తగ్గలేదా?” అని అడగకండి. “పోయిన నెలకూ ఈ నెలకూ ఏం తేడా ఉంది?” అని అడగండి. చెప్పడానికి వాళ్ల దగ్గర ఏదో ఒకటి ఉంటుంది. గాయం దగ్గర చీము, జ్వరం, రొమ్ము ఎముక టక్కుమని కదిలినట్టు ఉండటం, కాళ్ల వాపు, రెండు మూడు రోజుల్లోనే బరువు పెరగడం, పడుకుంటే ఆయాసం, ఇవి చెబితే మాత్రం కబుర్లు ఆపి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. చావాలనిపిస్తోందని అన్నా అంతే, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకండి.

మీ ఇంట్లో ఇలా నెలల తరబడి కోలుకున్నవాళ్లుంటే, ఏ నెలలో ఏం చేయగలిగారో కింద రాయండి, పేర్లు అక్కర్లేదు. మొదటిసారి కూర్చున్న రోజు, మొదటిసారి తలంటుకున్న రోజు, మొదటిసారి రేషన్ కొట్టుదాకా వెళ్లిన రోజు, ఇలా. ఇప్పుడు మంచం మీద ఉన్నవాళ్లకు అవి చదివితే ధైర్యం వస్తుంది. సమావేశంలో తీర్మానం పెట్టేటప్పుడు కూడా అవే మనకు ఆధారం.